ఆకు కోస్తే మళ్ళీ వస్తుంది, గడ్డ తవ్వితే రాదు

(నల్లమల అంచు గ్రామాల రైతుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి. శనగ ధర ఉంది, పంటల బీమా ఉంది, కౌలు రైతుల కార్డుల గొడవ ఉంది. ఇన్ని ఉండగా అడవిలో మొలిచే మందు మొక్కల గురించి మీటింగ్ ఎందుకని పొద్దున టీ తాగుతూ ఇద్దరు ముగ్గురు మమ్మల్ని అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత ఉండనే ఉంది. మన గట్టు మీద మొలిచేదానికి మనకు ఎప్పుడూ విలువ లేదు. కానీ ఆ గట్టు మీద మొక్కను వెతుక్కుంటూ టౌను నుంచి వ్యాపారి వస్తున్నాడు, వాడికి విలువ తెలుసు. మనకు తెలిసేసరికి గట్టు ఖాళీ అవుతోంది. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పుకోవాలి.

ముందు మా తప్పుతోనే మొదలుపెడతాం.

ఎండాకాలం వస్తే మన రాయలసీమలో ఏ బస్టాండు దగ్గర చూసినా నన్నారి షర్బత్ బండి ఉంటుంది. నిమ్మకాయ పిండి, ఎర్రటి పాకం పోసి, సోడా కొట్టి ఇస్తారు. అది తాగని వాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. ఆ వాసన గడ్డలో ఉంటుంది. మనం మారేడు గడ్డలంటాం, మారేడు కొమ్ములంటాం. కొండ మీద బండరాళ్ళ సందుల్లో పాకే తీగ అది. ఒకప్పుడు మా ఊరి గుట్ట మీద అడుగడుగునా ఉండేది. మా అమ్మ వాళ్ళు రెండు కొమ్ములు తెచ్చి ఊరగాయ పెట్టేవాళ్ళు, నాలుగు ముక్కలు ధాన్యం గాదెలో పురుగు పట్టకుండా వేసేవాళ్ళు. అంతే. తీగ ఉన్నచోటనే ఉండేది.

2002 కరువు మీకు గుర్తుండే ఉంటుంది. వేరుశనగ విత్తనం ఖర్చు కూడా రాలేదు. ఆ ఏడాది ఒక వ్యాపారి ఆటో పెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. గడ్డ ఎంత తెస్తే అంత కొంటానన్నాడు. గునపాలు పట్టుకుని ఊరంతా గుట్ట ఎక్కింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, తవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం. పెద్ద గడ్డ తీసి చిన్నది వదిలేద్దామనే ఆలోచన ఎవరికీ రాలేదు. మనం వదిలింది పక్కవాడు తవ్వుకుంటాడనే భయం. మూడు ఎండాకాలాలు అలా సాగింది. నాలుగో ఏడు వ్యాపారి రాలేదు. ఎందుకొస్తాడు, గుట్ట మీద ఏముందని? ఇంకో గుట్ట వెతుక్కున్నాడు. ఈ రోజు ఆ తీగను మా పిల్లలకు చూపించాలంటే సగం రోజు తిరగాలి. ఆ తీగ పేరు ఇప్పుడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో, అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల్లో ఉంది.

దీనిలో మాకు వచ్చిన పాఠం ఒకటే. మొక్కను వాడుకోవడం వల్ల అది పోలేదు. మన తాతలు వందల ఏళ్ళు వాడుకున్నారు. గుట్ట ఎవరిదో తెలియకపోవడం, ఎంత తీయాలో కట్టుబాటు లేకపోవడం, ధర ఒకడి చేతిలో ఉండటం, ఈ మూడూ కలిసి మొక్కను చంపాయి. ఈ మూడూ రైతు సంఘం పట్టించుకోవాల్సిన విషయాలే.

పేర్ల దగ్గర తికమక

మందు మొక్కల్లో మొదటి చిక్కు పేర్లది. ఇందాక మారేడు గడ్డ అన్నాం. శివుడికి పత్రి పెట్టే మారేడు చెట్టుకూ ఈ గడ్డకూ ఏ సంబంధమూ లేదు. నరమామిడి అంటే ఒకచోట అగరుబత్తుల్లో జిగురుకు వాడే చెక్క ఇచ్చే చెట్టు, ఇంకోచోట రోడ్ల పక్కన నిటారుగా పెంచే అశోకం లాంటి చెట్టు. నేలవేముకూ వేపకూ చుట్టరికం లేదు, రెండూ చేదని మన పెద్దలు ఒకే పేరు పెట్టారు. కానీ నేల ఉసిరి, రాచ ఉసిరి సంగతి చూడండి. ఒకటి జానెడు మొక్క, ఒకటి పెద్ద చెట్టు. అయినా శాస్త్రవేత్తలు కూడా రెండిటినీ ఒకే ప్రజాతిలో పెట్టారు. అక్కడ మన పెద్దల కన్ను తప్పలేదు.

మన వాళ్ళ జ్ఞానం చిన్నది కాదనడానికి ఇంకో సంగతి చెబుతాం. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే దొర సామర్లకోటలో కంపెనీ డాక్టరుగా ఉండేవాడు. కోరమాండల్ తీరంలో మొక్కల మీద పెద్ద పుస్తకాలు రాశాడు. వాటిలో చాలా మొక్కలకు తెలుగు పేరు రాసిపెట్టాడు. ఆ పేర్లు చెప్పింది ఎవరు? మన ఊళ్ళ వాళ్ళు, అడవుల్లో తిరిగే వాళ్ళు. జ్వరానికి మన వాళ్ళు చెక్క కషాయం ఇచ్చే సోమిద చెట్టు ఉంది కదా, దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట కూడా సోమిదే. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త ఆ చెట్టు పేరు రాసినా తెలుగు మాటే రాయాలి. ఆ పేరు చెప్పిన మనిషి ఎవరో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక కుటుంబాల లెక్క. మారేడు గడ్డ, పొలం గట్ల మీద సన్నగా పాకే సుగంధిపాల, జిల్లేడు, గన్నేరు, ఇవన్నీ శాస్త్రం ప్రకారం ఒకే కుటుంబం. తుంచితే పాలు కారతాయి. అదే కుటుంబంలో షర్బత్ ఉంది, అదే కుటుంబంలో ప్రాణం తీసే గన్నేరూ ఉంది. కాబట్టి చూడటానికి అలాగే ఉందని నోట్లో పెట్టుకోకూడదు. గురివింద గింజ ఎంత ముద్దుగా ఉంటుందో అంత విషం. కరోనా సమయంలో తిప్పతీగ రసం మోతాదు లేకుండా తాగి కాలేయం దెబ్బతిన్న వాళ్ళ గురించి డాక్టర్లు రాశారు. పాము కరిస్తే ఆకు పసరు కోసం ఊళ్ళు తిరగొద్దు, నేరుగా ఆసుపత్రికి పోవాలి. మందు మొక్కను కాపాడాలని చెప్పే మేమే ఈ మాట కూడా గట్టిగా చెబుతున్నాం.

రైతు చేయాల్సిన విభజన వేరు

శాస్త్రవేత్త పువ్వును చూసి విడదీస్తాడు. వైద్యుడు రోగాన్ని చూసి విడదీస్తాడు. మనం మాత్రం మొక్కలో ఏ భాగం తీస్తున్నామో చూసి విడదీయాలి. మొక్క బతుకుతుందా చస్తుందా అన్నది అక్కడే తేలుతుంది.

మొదటిది ఆకు. పొడపత్రి తీగ ఉంది. ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది, తీపి తెలియదు. అడ్డసరం ఉంది, దగ్గుకు వాడేది. ఈనాటి దగ్గు మందుల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్ అనే రసాయనాన్ని అడ్డసరంలోని పదార్థం ఆధారంగానే తయారు చేశారు. వావిలి ఉంది, తంగేడు ఉంది. వీటి ఆకు కోస్తే మళ్ళీ చిగురు వస్తుంది. తీగను లాగకుండా, కొమ్మ విరవకుండా కోస్తే చాలు.

రెండోది కాయ, గింజ. కరక, తాని, ఉసిరి, ఇండుప. ఇండుప గింజను కుండ లోపల అరగదీస్తే బురద నీళ్ళు తేరుకుంటాయి. ప్లాంటు నీళ్ళు వచ్చాక మనం మరిచిపోయాం. కాయ ఏరుకుంటే చెట్టుకు నష్టం లేదు. కానీ ఉసిరి కాయ కోసం కొమ్మలకు కొమ్మలు నరికి కింద పడేస్తున్నారు. అది కాయ కోయడం కాదు. పండిన వాటిలో కొన్ని చెట్టు కిందే వదలాలి, పిట్టలకూ కావాలి, మొలకలకూ కావాలి.

మూడోది బంక, బెరడు. ఇక్కడ జాగ్రత్త మొదలవుతుంది. నరమామిడి చెక్క కోసం చెట్టు చుట్టూ బెరడు ఒలిచేశారు. చుట్టూ ఒలిస్తే చెట్టు నిలబడే ఎండిపోతుంది. మన అడవుల్లో ఆ చెట్టు అరుదైపోవడానికి కారణం ఇదే. ఒలవాల్సివస్తే ఒక పక్కన, సన్నని పట్టీలా తీసి, గాయం మానేదాకా మళ్ళీ ముట్టుకోకూడదు.

నాలుగోది గడ్డ, వేరు, మొత్తం మొక్క. మారేడు గడ్డ, సుగంధిపాల, సర్పగంధ. సర్పగంధ వేరు నుంచే 1952లో రిసర్పిన్ అనే రక్తపోటు మందు తీశారు. దేశమంతా తవ్వేశారు. ఇప్పుడు దాని ఎగుమతి మీద అంతర్జాతీయ నియంత్రణ ఉంది. వేరు తీస్తే మొక్క పోయినట్టే. కాబట్టి గింజ రాలాకే తవ్వాలి, మొదలు దగ్గర నాలుగు వేళ్ళు వదలాలి, గుంట పూడ్చాలి, ఒక గుట్టను ఒక ఏడు ముట్టుకుంటే తర్వాత కొన్నేళ్ళు వదిలేయాలి. నేలవేము, నేల ఉసిరి లాంటివి వానాకాలం మొక్కలు. గింజ పడేదాకా ఆగి, నాలుగింట ఒకటి వదిలితే మళ్ళీ ఏడు మొలుస్తాయి.

ఇదంతా కాగితం మీద మాట కాదనడానికి తపసి బంకే సాక్ష్యం. తెల్లటి బోదె, ఎండాకాలంలో ఆకు రాల్చి కొండ మీద దయ్యంలా నిలబడే చెట్టు అది. దాని బంక విదేశాలకు పోతుంది, కట్టుడు పళ్ళు అతికించే పొడిలోనూ, మందుల్లోనూ వాడతారు. వెనకట గొడ్డలితో లోతుగా నరికి బంక తీసేవాళ్ళు, చెట్లు చచ్చేవి. తర్వాత చిన్న పనిముట్టుతో పైపైన గీసి, గాయం మానేలా తీయడం గిరిజనులకు నేర్పించారు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ బంకను రకాన్ని బట్టి ధర కట్టి కొన్నది. శుభ్రమైన బంకకు ఎక్కువ ధర వచ్చేసరికి చెట్టు బతికి ఉండటమే లాభమని తీసేవాళ్ళకు అర్థమైంది. నేర్పడం, ధర ఇవ్వడం, రెండూ కలిస్తేనే పని జరిగింది. ఒట్టి కేసులు పెడితే జరగలేదు.

మన పొలంలో మనం చేస్తున్నది

అడవి గురించి ఫారెస్టు వాళ్ళను అడుగుదాం, సరే. మన గట్టు గురించి ఎవరిని అడగాలి? గ్లైఫోసేట్ తెచ్చి గట్లు, కాలవలు, బాట పక్కలు అన్నీ కాల్చేస్తున్నాం. శుభ్రంగా ఉందని మురిసిపోతున్నాం. ఆ గట్టు మీద ఉత్తరేణి, గుంటగలగర, గలిజేరు, పల్లేరు, సుగంధిపాల ఉండేవి. గొడ్డుకు కాలు విరిగితే నల్లేరు కట్టు కట్టేవాళ్ళం. పశువుల పాకలో దోమలకు వావిలి పొగ వేసేవాళ్ళం. ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం చేద్దామని దశపర్ణి కషాయానికి పది రకాల ఆకు తెమ్మంటే, వావిలి కోసం, కానుగ కోసం పక్క ఊరికి బైకు మీద పోతున్నాం. గట్టు మీద ఊరికే ఉన్న పురుగుమందుల కొట్టును మనమే మూసేశాం.

బంజరు సంగతి కూడా అంతే. ఊరి బంజరు, కొండ వాలు అన్నీ ఒక్కొక్కటే ప్రాజెక్టులకు పోతున్నాయి. కాగితంలో 'పనికిరాని భూమి' అని రాస్తారు. గొర్రెలు మేసే భూమి, కుంకుళ్ళు ఏరుకునే భూమి, మంత్రసాని మందు తెచ్చే భూమి పనికిరానిది ఎలా అయింది? అక్కడ ఏముందో మన దగ్గర కాగితం లేదు కాబట్టి అయింది.

చట్టంలో మన చేతికి ఏముంది

ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊళ్ళో ఏ మొక్కలున్నాయి, వాటి వాడుక ఏమిటి, ఎవరికి తెలుసు అని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. వ్యాపారం కోసం ఏరుకుపోయే వాడి దగ్గర రుసుము వసూలు చేసే అధికారం కూడా ఆ కమిటీకి ఉంది. మన ఊరి మనిషి ఇంటి వాడకానికి తెచ్చుకుంటే, నాటు వైద్యుడు మందుకు తెచ్చుకుంటే ఈ చట్టం అడ్డం రాదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీ పంచాయతీలో ఈ కమిటీలో ఎవరున్నారో తెలిసిన వాళ్ళు చేతులెత్తండి. (సభలో రెండు చేతులు లేచాయి.) చూశారా? కాగితం మీద అన్ని ఊళ్ళలోనూ ఉంది. ఒక ఊళ్ళో మేము రిజిస్టర్ అడిగి చూశాం. పక్క ఊరి రిజిస్టర్ పేజీలే పేరు మార్చి అందులో పెట్టారు. ఆ ఊళ్ళో లేని చెట్టు అందులో ఉంది, ఊళ్ళో ఉన్న ఎనభై ఏళ్ళ పసరు వైద్యుడి పేరు లేదు.

ఈ రిజిస్టర్ ఎందుకు ముఖ్యమంటే, జ్ఞానం మనదని రుజువు కావాలి. అమెరికాలో 1995లో పసుపు గాయాలను మాన్పుతుందని పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. గ్రంథంలో ఉంది కాబట్టి గెలిచాం. చెంచు పెద్ద నోట్లో ఉన్నది ఏ గ్రంథంలో ఉంది?

కేరళలో కాణి గిరిజనుల కథ కూడా తెలుసుకోవాలి. వాళ్ళు ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయ తిని అలసట లేకుండా కొండలెక్కేవాళ్ళు. 1987లో వెంట వచ్చిన శాస్త్రవేత్తలకు అది చూపించారు. దాన్నుంచి జీవని అనే మందు వచ్చింది. వచ్చిన డబ్బులో సగం కాణి వాళ్ళకు ఇవ్వాలని ఒప్పందం కుదిరింది. దేశంలో అలాంటి ఒప్పందాల్లో అది తొలినాటిది. మంచిదే. కానీ మొక్కకు గిరాకీ పెరగ్గానే అడవిలో పీకేయడం మొదలైంది. వాటా రాసుకున్నంత మాత్రాన మొక్క మిగలదు, కోత కట్టుబాటు కూడా రాసుకోవాలి.

2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు, మందుల కంపెనీ మన దేశానిదే అయినా మూలికలు తీసుకుంటే స్థానికులకు వాటా ఇవ్వాల్సిందేనని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2023లో చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లో ఉన్న జ్ఞానాన్ని వాడితే మినహాయింపు ఇచ్చారు, జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు. ఈ సవరణ కంపెనీల వైపు మొగ్గిందని మా అభిప్రాయం. అదే సవరణలో సాగు చేసిన మందు మొక్కలకు కూడా మినహాయింపు ఉంది, దానికి కమిటీ నుంచి మూల ధ్రువపత్రం కావాలి. అంటే రేపు మీరు పొలంలో పండించి అమ్మాలన్నా ఆ కమిటీ సంతకమే కావాలి. అందుకే కమిటీని ఎవరికో వదిలేయకండి.

అడవిలో హక్కు సంగతి 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. గిరిజనులకూ, తరాలుగా అడవి మీద ఆధారపడ్డ వాళ్ళకూ చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం ఇచ్చింది. మందు మొక్కలు, గడ్డలు, దుంపలు అందులో పేరుతో సహా ఉన్నాయి. నల్లమలలో చెంచులు ఆ హక్కు కోసం అడిగినప్పుడు మనం రైతులం కదా అని దూరంగా నిలబడొద్దు. వాళ్ళు అడవిలో ఉండి చూసుకుంటేనే మన వాగుల్లో నీళ్ళూ ఉంటాయి.

సాగు చేద్దామా అంటే

చాలామంది అడుగుతున్నారు, మందు మొక్కలు మనమే పండిస్తే పోదా అని. పండించాలి. అడవి మీద ఒత్తిడి తగ్గడానికి అదే దారి. 2008లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు వేయించిన లెక్కలో వ్యాపారంలో ఉన్నవి 960 రకాలు, వాటిలో ఏడాదికి 100 టన్నులకు పైగా పోయేవి 178. ఎక్కువ భాగం ఇంకా అడవి నుంచి, బంజర్ల నుంచి, గట్ల నుంచే పోతోంది.

కానీ తొందరపడొద్దు. మాలో కొంతమందిమి వెనక సఫేద్ ముస్లి వేశాం. విత్తనం గడ్డలు ఇచ్చిన కంపెనీ పంటంతా కొంటామని రంగుల కాగితాలు పంచింది. పంట చేతికొచ్చేసరికి ఆఫీసుకు తాళం. ఎకరంలో ఎంత పోయిందో ఇంట్లో ఆడవాళ్ళకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. కాబట్టి కొనేవాడు ముందు, విత్తనం తర్వాత. ఒక్కరే ఎకరం వేయొద్దు, పదిమంది కలిసి తలా అయిదు సెంట్లు వేసి చూడండి. గట్టు మీద పెరిగేదాన్ని గట్టు మీదే పెట్టండి, అసలు పంట వదిలిపెట్టొద్దు. ఎర్రచందనం నాటిన వాళ్ళను అడగండి. మొక్క నాటడం సులువు, చెట్టు కొట్టి అమ్ముకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో వాళ్ళు చెబుతారు. సొంత పొలంలో పెంచిన చెట్టుకు అనుమతులు సులువు చేయాలన్నది మన డిమాండ్లలో ఒకటిగా ఉండాలి.

ఈ సభలో మనం తేల్చుకోవాల్సినవి

ఒకటి. వచ్చే గ్రామసభలో ప్రతి ఊళ్ళో జీవవైవిధ్య కమిటీ పేర్లు చదివించాలి, రిజిస్టర్ బయట పెట్టించాలి. తప్పుంటే మళ్ళీ రాయించాలి. రాసేటప్పుడు ముసలివాళ్ళను, గొర్రెల కాపర్లను, మంత్రసానులను కూర్చోబెట్టాలి. వాళ్ళు పోతే ఆ పేర్లూ పోతాయి.

రెండు. ప్రతి సభ్యుడూ ఒక గట్టును గడ్డిమందు కొట్టకుండా వదలాలి. ఒక్క గట్టే అడుగుతున్నాం.

మూడు. గడ్డలు, వేర్లు తవ్వడానికి ఊరి కట్టుబాటు పెట్టుకోవాలి. ఏ గుట్ట ఏ ఏడు, ఎంత, ఎవరు అని. బయటి వ్యాపారి వస్తే కమిటీకి రుసుము కట్టి, ధర అందరి ముందు చెప్పి కొనాలి.

నాలుగు. అటవీ ఫలసాయానికి 2013 నుంచి కేంద్రం మద్దతు ధర పథకం ఉంది. మన ప్రాంతంలో దొరికే మూలికలకు ఆ ధర అమలు చేయాలని, కొనుగోలు కేంద్రం పెట్టాలని అర్జీ పెడదాం.

అయిదు. మారేడు గడ్డ తీగకు గింజ వస్తుంది. గింజకు పట్టులాంటి కుచ్చు ఉండి గాలికి ఎగిరిపోతుంది. కాయ పగలక ముందే కోసి గింజ తీయాలి. ఈ ఏడు మేము మిగిలిన తీగల నుంచి కొన్ని కాయలు తెచ్చి కవర్లలో మొలకెత్తించాం. అన్నీ మొలవలేదు. మొలిచినవి యాభై దాకా ఉన్నాయి. తొలకరి పడ్డాక వాటిని గుట్ట మీద బండల సందుల్లో పెడతాం. గునపాలు పట్టుకుని ఎక్కిన వాళ్ళమే మళ్ళీ ఎక్కుతాం. వచ్చే వాళ్ళు పేరు ఇవ్వండి, మధ్యాహ్నం సంగటి మా ఇంట్లో.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి.